చివరి బెజ్జంతో రెండేళ్లు

బూటు మెడ దగ్గర, లేసు బెజ్జాల వరుసకు కాస్త వెనగ్గా రెండు వైపులా ఒక్కో బెజ్జం ఖాళీగా ఉంటుంది చూశారా? చాలామంది దాన్ని ముట్టుకోరు. కడప నాపరాళ్ల గనుల్లో, గండికోట రాళ్లమీద రెండేళ్లుగా ఒకే జత వేస్తున్నా. ఆ బూట్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ బెజ్జమే.

లేసు కొసను అవతలి వైపుకు దాటించకుండా, అదే వైపు చివరి బెజ్జంలోకి బయటినుంచి లోపలికి దూర్చాలి. చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండో వైపూ అంతే. ఎడమ కొస కుడి ఉచ్చులోంచి, కుడి కొస ఎడమ ఉచ్చులోంచి తీయాలి. మడమను నేలకు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, కొసల్ని కిందికి లాగి ముడి వేయాలి. పైకి లాగితే ఉచ్చు సరిగా బిగియదు. ఇలా కడితే దిగుడులో పాదం ముందుకు జారదు, బొటనవేలి గోరు నల్లబడదు. మడమ కదలదు కాబట్టి వేళ్ల దగ్గర రెండు వరుసలు వదులుగా పెట్టుకోవచ్చు. వెడల్పు పాదాలకు అదే పెద్ద సుఖం.

నన్ను ఏడిపించింది లేసు. బూట్లతో వచ్చింది గుండ్రటిది, 120 సెంటీమీటర్లు. 6 జతల బెజ్జాలకు సరిపోతుంది గానీ, ఉచ్చులు వేశాక ముడికి కొస చాలదు. ఐదో నెలలో గని మెట్ల మీద ఫట్‌మని తెగింది, సరిగ్గా ఉచ్చు దగ్గర. అక్కడ లేసు మీద లేసు రాసుకుంటుంది, అదీ రోజూ అదే వేలెడు చోట. పోగుల్లోకి దూరిన రాతిపొడి గరుకు కాగితంలా కోసేసింది. ఆ పూటకు ఉచ్చులు వదిలేసి, కింది బెజ్జం దగ్గరే ముడేసుకుంటే గడిచింది.

తర్వాత టేపులా చదునుగా ఉండే 140 సెంటీమీటర్ల పాలిస్టర్ లేసు వేశా. 15 రోజులకోసారి సబ్బునీళ్లలో పిండుతా. నెలకోసారి లేసును 2 సెంటీమీటర్లు ఒక పక్కకు జరుపుతా, అరుగుడు ఒకేచోట పడకుండా. మళ్లీ తెగలేదు.

ఇంత మెచ్చుకున్నా ఒక మాట చెప్పాలి. మన ఎండలకు మధ్యాహ్నానికి పాదం ఉబ్బుతుంది. పొద్దున బిగించిందే ఉంచితే చీలమండ ముందు సలుపు పుడుతుంది. అన్నం తిన్నాక ఒకసారి విప్పి, కాస్త వదులుగా కట్టాల్సిందే. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లు నొప్పి పుట్టే చోట లేసుల్ని అడ్డంగా దాటించకుండా, ఏ వైపుది ఆ వైపే నిలువుగా పైకి తీయండి.

ముడి కూడా చూసుకోండి. పువ్వుముడి రెక్కలు బూటుకు అడ్డంగా కాక పొడుగునా పడుకున్నాయంటే నాలుగడుగుల్లో ఊడుతుంది. మొదటి మెలికను ఎదురు దిక్కుకు వేస్తే సరి.

నాది మడమ సన్నం, ముందు వెడల్పు. అందుకే నాకింత కుదిరిందేమో. రోజుకు పదిసార్లు గడప దగ్గర విప్పేవాళ్లకు ఈ ఉచ్చులు విసుగే.