పాత పచింకో మిషన్‌కి నాలుగున్నర స్టార్లు, దాన్ని నిలబెట్టే స్టాండు కిట్‌కి ఒకటిన్నర

మిషన్ కొనండి, స్టాండు కిట్ మాత్రం కొనకండి. ఈ ఒక్క ముక్క చదివి వెళ్ళిపోయినా నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎస్టేట్ సేల్‌లోనో (ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేసేది) మరెక్కడో పాత పచింకో చూసి "భలే ఉందే, హాల్లో గోడకి తగిలిద్దాం" అనుకుంటున్నవాళ్ళు మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది ఫొటో ఫ్రేమ్ లాగా మేకు కొట్టి తగిలించే వస్తువు కాదు.

తెలియనివాళ్ళ కోసం: పచింకో అంటే జపాన్ ఆటశాలల్లో వరసలుగా నిలబెట్టి ఉండే మిషన్. నిలువు పలక మీద గుంపులు గుంపులుగా సన్నటి ఇత్తడి మేకులు, ముందు అద్దం, కింద కుడివైపు ఒక మీట. మీటని బొటనవేలితో నొక్కి వదిలితే ఉక్కు గోళీ ఎడమ అంచు వెంట పైకి దూసుకెళ్ళి, మేకులకి తగులుకుంటూ కిందికి దిగుతుంది. దారిలో ఉన్న గూళ్ళలో పడిందా, గంట మోగి ముందున్న తొట్టిలోకి కొత్త గోళీలు జలజలా రాలతాయి. పడలేదా, అడుగు నుంచి వెనక్కి పోతుంది, అంతే సంగతులు. మధ్యలో తులిప్ అని ఒక పువ్వు ఉంటుంది, 1960లో వచ్చిందది. ఒక గోళీ పడితే రెక్కలు విచ్చుకుంటాయి, విచ్చుకున్నాక ఇంకోటి పడటం సులువు, ఆ ఇంకోటి పడగానే మళ్ళీ ముడుచుకుంటాయి. చూడ్డానికి ఇంతే, కానీ దాని ముందు కూర్చున్నవాళ్ళు లేవరు.

నేను కొన్నది నిషిజిన్ అనే జపాన్ కంపెనీవాళ్ళది, 1970ల నాటిది. అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లానో ఊరి దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో 90 డాలర్లకి వచ్చింది, డబ్బాలో గోళీలతో సహా. జపాన్ వస్తువు టెక్సాస్ గరాజ్‌లో ఏం చేస్తోంది అని మీకూ అనిపించొచ్చు. జపాన్ ఆటశాలలవాళ్ళు పాత మిషన్లు తీసేసి కొత్తవి పెట్టడం ఎప్పుడూ జరిగేదే, పైగా 1970ల మొదట్లో కరెంటుతో గోళీలు విసిరే హ్యాండిల్ రావడంతో ఈ చేతిమీటవి ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. అలా తీసేసినవాటిని ఓడలకెత్తి అమెరికా పంపారు, ఇక్కడ వాటిని ఇంట్లో ఆడుకునే బొమ్మలుగా అమ్మేశారు. అప్పట్లో కొన్న కుటుంబాలవాళ్ళు ఇప్పుడు ఇళ్ళు ఖాళీ చేస్తున్నారు, అందుకే ఇంత చవక. 1980లో సాంక్యో అనే ఇంకో కంపెనీవాళ్ళ ఫీవర్ మిషన్ వచ్చాక అంతా తిరిగే అంకెల ఆట అయిపోయింది కాబట్టి, నా లెక్కలో అసలు పచింకో అంటే దానికి ముందువే. ఈ మాటకి ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

మిషన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, బాగుంది. కరెంటుతో పనే లేదు, గెలిచినప్పుడు వెలిగే బుల్లి దీపాలకి తప్ప. వాటికి ఒక బ్యాటరీ చాలు. వెనక తలుపు తీసి చూస్తే రంగురంగుల ప్లాస్టిక్ కాలువలు, వాటిలో గోళీ బరువుకే పనిచేసే మీటలు. గెలిచిన గోళీ వెనక ఒక కాలువలోంచి జారి కింద ఒక మీట మీద పడుతుంది, ఐదున్నర గ్రాముల ఆ బరువుకి మీట వంగుతుంది, పైన లెక్కకట్టి ఆపి ఉంచిన గోళీలు వదులవుతాయి, పోతూ పోతూ గంటని కొడతాయి. మోటారు లేదు, చిప్పు లేదు. ముందు వైపు కంటే వెనక వైపే ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అర స్టారు ఎందుకు తగ్గించానంటే, ఎడమవైపు తులిప్ రెక్క ఒకటి కాస్త బద్ధకంగా ముడుచుకుంటుంది, ఇంత వయసున్న ప్లాస్టిక్ కదా.

ఇక స్టాండు కథ. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర "పచింకో డిస్‌ప్లే స్టాండు కిట్, గోడకీ నేలకీ రెండిటికీ" అని చూసి 140 డాలర్లు పోశాను. పేరు చెప్పను, అనవసరం. వచ్చినవి నాలుగు పైన్ చెక్కలు, రెండు ఎల్ క్లాంపులు, ఒక సంచి నిండా స్క్రూలు, ఒకే పేజీ కాగితం. మిషన్ రమారమి 32 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు, ఖాళీదే 40 పౌండ్ల దాకా బరువు, ఆ బరువులో ఎక్కువ భాగం పై సగంలోనే. అలాంటిదానికి వాళ్ళిచ్చిన పాదాలు పది అంగుళాలు కూడా లేవు. మా హాల్లో కార్పెట్ మీద పెడితే ముందుకి ఒరిగింది. ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్నాడు, మీటని పట్టుకుని వేలాడతాడు. ఆ రాత్రే దింపేశాను. ఫిర్యాదు పెడితే "టైల్ ఫ్లోర్ మీద వాడండి" అని జవాబొచ్చింది. పచింకో కోసం హాల్లో టైల్స్ వేయించుకోవాలన్నమాట!

ఒరగడం ఒక్కటే అయితే కింద చెక్క ముక్కలు పెట్టి సర్దుకునేవాణ్ణి. అసలు దెబ్బ ఏంటంటే, కిట్ చేసినవాళ్ళకి పచింకో ఎలా ఆడుతుందో తెలిసినట్టు లేదు. ఈ మిషన్‌కి వాలు ప్రాణం. ఆటశాలల్లో దీన్ని నిటారుగా పెట్టరు, పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, చాలా కొంచెం. నేను ఇంట్లో చూసుకున్నది: పైనుంచి కిందికి కలిపి అర అంగుళం వెనక్కి వాలిస్తే ఆట సరిగ్గా కుదిరింది, అంటే ఒక డిగ్రీకి అటూ ఇటూ. బొత్తిగా నిటారుగా పెడితే గోళీ ఎగిరెగిరి అద్దానికి కొట్టుకుంటుంది. ఒక అంగుళం దాటి వాలిస్తే గోళీ పలకని రాసుకుంటూ నీరసంగా దొర్లుతుంది, మేకుల మధ్య ఆ టకటకలు ఉండవు. ముందుకి ఒరిగితే ఇక చెప్పక్కర్లేదు, గోళీలు అద్దాన్ని పట్టుకుని జారతాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నగోయాలో మసమురా తకెఇచి అనే ఆయన ఒకే తీరుగా ఉండే మేకుల్ని గుంపులుగా విడదీసి, మధ్యలో గిరగిర తిరిగే గాలిమరలు పెట్టి ఈ ఆటకి ఇప్పటి రూపం ఇచ్చాడు. ఆయన అంత ఆలోచించి పేర్చింది గోళీ మేకుని సరైన జోరుతో తాకితేనే కదా తెలిసేది. కిట్‌లో మాత్రం వాలు సర్దుకోడానికి ఒక్క బోల్టూ లేదు.

అడ్డం మట్టం కూడా చూసుకోండి. రసమట్టం పెట్టి చూడకుండా ఎడమ పక్క ఒక వెంట్రుకవాసి దిగి ఉంటే కుడి తులిప్ జన్మలో విచ్చుకోదు, మిషన్ పాడైందని మీరు దాన్ని విప్పదీస్తారు. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ చాలదు, రెండడుగుల రసమట్టం కొనుక్కోండి.

సరే, చివరికి ఏం చేశానో చెప్తాను. మిషన్ ఒక చెక్క చట్రంలో వస్తుంది, ఆ చట్రం ఎడమవైపు బందుల మీద తలుపులా తెరుచుకోవాలి. అలా తెరుచుకోకపోతే వెనక పైన ఉన్న పళ్ళెంలో గోళీలు పొయ్యలేరు, ఇరుక్కున్న గోళీని తియ్యలేరు. కాబట్టి గోడకి అంటించేసినట్టు బిగిస్తే అది బొమ్మే, ఆట కాదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేసి, మిషన్‌ని ఆ పెట్టెకి తలుపులా బిగించాను. పెట్టె లోతు పది అంగుళాలు. పెట్టె వెనక్కీ గోడకీ మధ్య ఫ్రెంచ్ క్లీట్: ఒక పలకని నలభై ఐదు డిగ్రీల కోతతో రెండుగా చీల్చి, ఒక ముక్క గోడకి, ఇంకో ముక్క పెట్టెకి, ఒకదాని మీద ఒకటి కొక్కెంలా కూర్చుంటాయి. వాలు కోసం పెట్టె కింది అంచు వెనకాల రెండు పెద్ద బోల్టులు. తిప్పితే అడుగు గోడకి దూరంగా జరుగుతుంది, అప్పుడు మిషన్ పైభాగం వెనక్కి వాలినట్టే. ఈ రెండు బోల్టులకి నాకు అయిన ఖర్చు నాలుగు డాలర్లు.

ఇక్కడి ఇళ్ళలో గోడ అంటే డ్రైవాల్ (పలుచటి జిప్సం పలక), వెనక చెక్క స్టడ్లు (నిలువు కమ్మీలు), సాధారణంగా పదహారు అంగుళాలకొకటి. క్లీట్‌ని కనీసం రెండు స్టడ్లకి పట్టేలా పొడుగు కోసి, మూడంగుళాల లాగ్ స్క్రూలు (చెక్కలోకి దిగే లావుపాటి స్క్రూలు) దించాలి. స్టడ్డు లేనిచోట డ్రైవాల్‌లోనే బిగించే యాంకర్లు పెద్ద బరువులు మోస్తాయని డబ్బా మీద రాసి ఉంటుంది, నమ్మకండి, ఇది కదలకుండా వేలాడే బరువు కాదు, మీట కొట్టినప్పుడల్లా అదురుతుంది, తలుపు తెరిస్తే బరువంతా ఒక పక్కకి లాగుతుంది. విజయవాడలో మా తమ్ముడికి వీడియో కాల్‌లో ఇదంతా చూపిస్తే, "ఇటుక గోడకైతే నాలుగు బోల్టులు దించేసేవాళ్ళం అన్నయ్యా, అట్టముక్క గోడకి ఇన్ని తిప్పలా" అని నవ్వాడు. నిజమే. ఇంకో సంగతి, ఎడమ పక్క మూల గోడ ఉన్నచోట పెట్టకండి, మిషన్ వెనక భాగం దళసరి కాబట్టి తలుపు సగం తెరుచుకుని ఆగిపోతుంది, చెయ్యి దూరదు.

గోళీలు ఎక్కడికి పోతాయి? ఇది ఎవరూ అడగరు, మిషన్ ఇంటికొచ్చాక అడుగుతారు. ఆటశాలలో ఓడిన గోళీలన్నీ వెనక ఉండే యంత్రంలోకి పోయి, శుభ్రమై, మళ్ళీ పైకెక్కి అన్ని మిషన్లకీ పంచబడతాయి. ఇంట్లో ఆ సదుపాయం ఉండదు కదా, మిషన్ అడుగున ఉన్న కంత లోంచి తిన్నగా నేల మీదకే. నున్నటి నేల మీద ఉక్కు గోళీ మీద కాలేశారంటే నడుం విరుగుతుంది. పెట్టె అడుగున పలుచని ప్లైవుడ్‌ని ముందుకి వాలుగా వేసి, చివర ఒక సొరుగు పెట్టాను, గోళీలు అందులో చేరతాయి. పెట్టె పై మూతకి ఒక గరాటు కంత ఉంది, అందులోంచి పోస్తే నేరుగా వెనక పళ్ళెంలోకి, ప్రతిసారీ తలుపు తెరవక్కర్లేదు. సొరుగు తీసి గరాటులో పొయ్యడం మా అత్తయ్యకి భలే నచ్చింది, తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉన్నారు, మధ్యాహ్నం సీరియల్ టైమ్‌లో కూడా అక్కడే. నేను ఆఫీసు కాల్‌లో ఉంటే "బాబూ, ఒక్క నిమిషం, గోళీ ఇరుక్కుంది" అని పిలుపు.

చప్పుడు గురించి ముందే హెచ్చరిస్తున్నా. జోరుగా ఆడుతుంటే రేకుల ఇంటి మీద వడగళ్ళ వానే. డ్రైవాల్ గోడ ఆ చప్పుడుని పక్క గదికి మోసుకెళ్తుంది. క్లీట్ వెనక, బోల్టుల చివర రబ్బరు ముక్కలు పెట్టి, సొరుగులోనూ కింది పలక మీదా మందపాటి ఫెల్ట్ గుడ్డ అంటిస్తే సగానికి సగం తగ్గింది. పడగ్గది గోడకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకండి. ఎండ నేరుగా పడే గోడా వద్దు, పలక మీది బొమ్మల రంగులు వెలిసిపోతాయి.

అద్దం మీద వెలుగు పడేలా పైన దీపం పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. పెడితే గోళీలు కనబడవు, దీపమే కనబడుతుంది. చట్రం లోపలి అంచు చుట్టూ సన్నటి పసుపు ఎల్‌ఈడీ పట్టీ అంటించి చూడండి, ఇత్తడి మేకులు ఒక్కోటీ నీడతో సహా లేచి కనబడతాయి. అది కూడా బ్యాటరీదే పెట్టుకోండి, గోడ మీద వైరు వేలాడితే ఇంత చేసిందీ దండగ.

శుభ్రం చెయ్యడం తేలిక: గోళీల్ని కాస్త సబ్బునీళ్ళలో కడిగి వెంటనే పొడిగుడ్డలో వేసి అటూ ఇటూ దొర్లిస్తే చాలు, తడి ఉంటే తుప్పే. వెనక కాలువల్లో నూనె చుక్క కూడా వెయ్యకండి, దుమ్ము పట్టి గోళీలు ఆగిపోతాయి. మేకుల్ని సరిచేద్దామని సుత్తి పట్టుకోవద్దు.

మొత్తం లెక్క: మిషన్ 90, ప్లైవుడ్, స్క్రూలు, సొరుగు, రబ్బరు అన్నీ కలిపి ఇంకో 110. కిట్ 140 వేరే, అది నీళ్ళపాలు, వాపసు పంపాలంటే కొరియర్ ఖర్చే సగం అవుతుందన్నారు. అద్దె ఇంట్లో ఉండి గోడకి కన్నాలు పెట్టలేనివాళ్ళు ఇదే పెట్టెని బరువైన బల్ల మీద పెట్టి, వెనక నుంచి ఒక పట్టీతో గోడకి కట్టుకోవచ్చు, పట్టీకి ఒక్క స్క్రూ కన్నమే. దూరం నుంచి కొరియర్‌లో మాత్రం మిషన్ తెప్పించుకోకండి, అద్దం పగులుతుంది, కొరియర్ ధర మిషన్ ధరని మించిపోతుంది. మీ ఊరి చుట్టుపక్కల దొరికేదాకా ఆగండి.

ఆ కిట్ పైన్ చెక్కలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. టొమాటో మొక్కలకి ఊతంగా పెడదామంటే మా ఆవిడ వద్దంటోంది, వాటి మీద కూడా ఒరుగుతాయట.