గోడ బొమ్మా, కలంకారీ గుడ్డా?

ఏళ్ల తరబడి తేలని కేసు మీద తిరుపతిలో బొమ్మతో నిలదీయాలంటే గోడ చవక, త్వరగా అవుతుంది. సున్నం బాగా ఆరాకే రంగేయాలి, పచ్చిగా ఉంటే పొరలు లేస్తుంది. అనుమతి లేకపోతే తెల్లారేసరికి బొమ్మ మీదే సున్నం కొట్టేస్తారు.

గుడ్డ మీద కలంతో గీసే శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతికి ఓపిక కావాలి. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెట్టాలి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరిన కసిమి అనే నల్ల సిరాతో గీస్తే, లేత గీత కళ్లముందే నల్లబడుతుంది. పాలు తక్కువైతే గీత పాకి ముఖాలు చెదిరిపోతాయి. అయినా మా ఓటు గుడ్డకే. మడిచి ప్రతి వాయిదాకూ తీసుకెళ్లొచ్చు. అంచు ఖాళీగా వదలండి, వాయిదా పడ్డ తేదీలన్నీ అక్కడ రాయాలి.