రెక్టమ్ ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు: గడ్డ పోయింది, మోషన్ మాత్రం దారికి రాలేదు

ఇవ్వాల్సిన మార్కులు ముందే ఇచ్చేస్తాను. రెక్టమ్, అంటే పెద్దపేగు చివరి భాగంలో, బాగా కింద ఉన్న క్యాన్సర్ గడ్డను శుభ్రంగా తీసేశారు. స్కాన్‌లు ఇప్పటికీ బాగానే వస్తున్నాయి. సర్జన్ చేతిపనికి వంక పెట్టలేను. కుట్లు మానేదాకా మలం సంచిలోకి వచ్చేలా పొట్ట మీద తాత్కాలికంగా ఒక దారి పెట్టారు, దాన్నే స్టోమా అంటారు. నా పేచీ అంతా ఆయన ముందు చెప్పిన మాటతోనే: "స్టోమా మూసేశాక కొన్ని వారాల్లో అంతా మామూలైపోతుంది."

కాలేదు. మలాన్ని కాసేపు ఆపి ఉంచేదే రెక్టమ్. దాన్ని తీసేసి పెద్దపేగును కిందికి లాగి కలిపాక, నిలవ ఉండడానికి చోటెక్కడిది? ఒక్కసారిలో అయిపోవాల్సింది విడతలు విడతలుగా వస్తుంది. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి తడిచేతులు తుడుచుకుంటూ ఉంటానా, మళ్లీ వస్తుంది. తిరిగొచ్చి లుంగీ సర్దుకునేలోపు ఇంకోసారి. ఒక్కోరోజు పొద్దుటిపూటంతా ఇందులోనే పోతుంది. అంతకన్నా ఘోరం, వచ్చేది గ్యాసో మోషనో తెలియకపోవడం. నలుగురిలో కూర్చున్నప్పుడు ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

దీన్ని డాక్టర్లు లార్స్ అంటారు, అంటే లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్. దీని తీవ్రత చూడడానికి డెన్మార్క్ వైద్యులు 2012లో ఐదు ప్రశ్నల స్కోరు కూడా తెచ్చారు. 42కి 30 లేదా ఆపైన వస్తే తీవ్రమైనదని లెక్క. గడ్డ బాగా కిందికి ఉన్నా, రేడియేషన్ ఇచ్చినా ఈ ముప్పు ఎక్కువ. నా ఫైల్లో ఆ రెండూ ఉన్నాయి. అయినా ఎవరూ నోరు విప్పలేదు. కన్సెంట్ ఫారంలో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, లీకు అన్నవాటి మధ్య "మోషన్ అలవాట్లలో మార్పు" అని ఒక ముక్క ఉందట. దాని అర్థం ఇదని ఎవరికి తెలుస్తుంది?

"కొన్ని వారాల్లో" అన్న సర్జన్ మాట నమ్మి చాలాకాలం ఎదురుచూశాను. తగ్గకపోతే తిండిని తిట్టుకున్నాను. "ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి" అనేవాళ్ల ముందు బాధ చెప్పుకోవడమే మానేశాను. చివరికి ఇంకో డాక్టర్ సూటిగా చెప్పారు: "మొదటి ఏడాది, రెండేళ్లు కాస్త మెరుగవుతుంది. ఆ తర్వాత పెద్దగా మారదు. పాతలా అవుతుందని చెప్పలేను." ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ నిద్ర మాత్రం పట్టింది. ఇకనుంచి దీనితో ఎలా బతకాలో చూసుకుంటే చాలనిపించింది.

పనికొచ్చినవి చెబుతాను. లోపెరమైడ్, అంటే విరేచనాలు తగ్గించే మాత్ర, డాక్టర్ చెప్పిన మోతాదులో తిండికి ముందు వేసుకుంటే బయటికి వెళ్లే ధైర్యం వచ్చింది. ఇసబ్గోల్ వల్ల మోషన్ కాస్త గట్టిపడింది. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి, అంటే మలాన్ని ఆపుకునే కండరాలకు చేయించే వ్యాయామాలకు ఓపిక కావాలి, ఫలితం కొంచెమే. అన్నింటికన్నా మేలు చేసింది ట్రాన్స్‌ఏనల్ ఇరిగేషన్, అంటే గొట్టంతో నీళ్లు పంపి పేగు కింది భాగాన్ని ఖాళీ చేసుకోవడం. నర్సు దగ్గర నేర్చుకోకుండా చేయకూడదు. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, సమయం తింటుంది, కానీ తర్వాత గంటల తరబడి నిశ్చింత. మలద్వారం చుట్టూ జింక్ క్రీమ్ మంట మొదలవకముందే రాయాలి.

ముందే అన్నీ తెలిసుంటే శాశ్వత స్టోమా ఎంచుకునేవాణ్ణా? బహుశా కాదు. అయితే సంచి ఉన్న రోజుల్లో ప్రయాణాలు చేశాను, ఇప్పుడు చేయలేకపోతున్నాను. ఆ పోలిక ఆపరేషన్‌కు ముందే నా ముందు పెట్టాల్సింది. ఇప్పుడు నన్ను అడిగేవాళ్లకు ఒకటే చెబుతున్నాను: కలిపి కుట్టాక రోజుకు ఎన్నిసార్లు వెళ్లాల్సి రావచ్చో, ఆపుకోలేకపోతే ఏం చేస్తారో సర్జన్‌నే అడగండి. కుదిరితే ఇదే ఆపరేషన్ అయి ఏడాది దాటినవాళ్లతో మాట్లాడించమనండి.