నాన్నతో ఫూజీ కొండ మీద రెండు రోజులు

"ఏటా అలిపిరి నుంచి నడిచే వెళ్తున్నాను కదమ్మా, మీ ఫూజీ ఓ లెక్కా?" అన్నారు నాన్న, తెనాలి నుంచి ఫోన్లో. ఆయనకు 61 ఏళ్లు. రోజూ కాలువ గట్టు వెంట ఐదు కిలోమీటర్లు నడుస్తారు, మోకాళ్లు గట్టివి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కగలిగిన మనిషికి ఫూజీ ఎక్కే కాళ్లున్నట్టే. అయితే అక్కడ కాళ్లకంటే ముందు ఊపిరి అలిసిపోతుంది. అరకు చుట్టుపక్కల ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవు. జపాన్‌లోని ఈ ఫూజీలో బస్సు దిగే చోటే 2,305 మీటర్లు, శిఖరం 3,776. ఈ తేడా నాన్నకు ఫోన్లో ఎంత చెప్పినా ఎక్కలేదు. నాకైతే 2023లోనే బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడాది టోక్యోలో నిషికసాయి నుంచి మా ఆఫీసు వాళ్లం నలుగురం శుక్రవారం సాయంత్రం బస్సెక్కాం. రాత్రంతా ఎక్కి, తెల్లవారేసరికి పైన సూర్యోదయం చూసి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చెయ్యాలని ప్లాన్. బస లేదు, నిద్ర లేదు. ఇలా ఎక్కడాన్ని జపాన్‌లో 'దాంగాన్ తోజాన్' అంటారు, బుల్లెట్‌లా దూసుకెళ్లి రావడం అని. సుమారు మూడు వేల మీటర్ల దగ్గర మాలో ఒకమ్మాయికి తలపోటు, వాంతులు మొదలయ్యాయి. ఈదురుగాలి. బసలన్నీ నిండిపోయాయి. ఒక రాతిగోడ పక్కన ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు చుట్టుకుని తెల్లారేదాకా కూర్చుని, వెలుగు రాగానే కిందికి దిగేశాం. ఆ రాత్రి తనకేమవుతుందోనన్న టెన్షన్ నేను మర్చిపోలేను.

ఇప్పుడు అలా ఎక్కడానికి వీల్లేదు, అది మంచిదే. ఫూజీ ఎక్కడానికి నాలుగు దారులున్నాయి. 2024లో వాటిలో ఒకటైన యోషిదా దారి మొదట్లో గేటు పెట్టారు. 2025 నుంచి ఆ నాలుగు దారుల్లోనూ మనిషికి 4,000 యెన్‌ల రుసుము ఉంది. బస రిజర్వేషన్ లేనివాళ్లను మధ్యాహ్నం రెండు నుంచి తెల్లవారుజామున మూడు దాకా పైకి పంపరు. యోషిదా దారిలో రోజుకు నాలుగు వేల మందికే అనుమతి. షిజుఓకా ప్రాంతం వైపు ఉన్న మిగతా మూడు దారులకైతే ముందుగా ఆన్‌లైన్లో కొండ నియమాల పాఠం చూసి, చిన్న పరీక్ష కూడా పూర్తి చెయ్యాలి. రూల్స్ ఏటా మారుతున్నాయి కాబట్టి వెళ్లే ఏడాది కొత్తవి చూసుకోండి.

ఈసారి 2025 ఆగస్టు మొదటి వారంలో నాన్న, తమ్ముడు, నేను వెళ్లాం. కొండ తెరిచి ఉండేది జులై మొదలు సెప్టెంబరు 10 దాకానే. జులై మొదట్లో వానలు ఇంకా తగ్గవు, ఆగస్టు నడిమధ్యలో ఓబోన్ అనే పితృదేవతల పండుగ సెలవులకు జపాన్ అంతా కదులుతుంది. అందుకే ఈ రెండింటి మధ్య మంగళ, బుధవారాలు ఎంచుకున్నాం. శని, ఆదివారాలు వద్దే వద్దు.

ఏ దారి అన్న దాని మీద తమ్ముడికీ నాకూ వారం రోజుల వాదన. వాడికి సుబాషిరి ఇష్టం. అది సుమారు రెండు వేల మీటర్ల దగ్గర అడవిలో మొదలవుతుంది, దిగేటప్పుడు నల్లటి బూడిద ఇసుకలో పరుగు పెట్టొచ్చు. ఫూజినోమియా 2,400 మీటర్ల దగ్గర మొదలవుతుంది, అన్నిట్లోకి పొట్టి దారి. కానీ నిటారు, ఎక్కేదీ దిగేదీ ఒకే బాట. క్యోటో వైపు నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో వచ్చి మిషిమాలోనో షిన్-ఫూజీలోనో దిగేవాళ్లకు మాత్రం అదే దగ్గర. గోతెంబా 1,440 మీటర్ల నుంచి మొదలవుతుంది, నాన్నతో దాని మాటే లేదు. చివరికి యోషిదా. జనం ఎక్కువన్న మాట నిజమే. అయితే బసలు ఎక్కువ, సీజన్లో ఏడు, ఎనిమిదో స్టేషన్ల (దారిలో వచ్చే మజిలీల) దగ్గర ప్రథమ చికిత్స కేంద్రాలు ఉంటాయి, ఎక్కే బాట వేరు, దిగే బాట వేరు. ముఖ్యంగా ఈ దారి తూర్పు వైపు తిరిగి ఉండటంతో బస గుమ్మంలో నిలబడినా సూర్యోదయం కనిపిస్తుంది. నాన్న కోసం నేను వేసిన ప్లానంతా ఈ ఒక్క విషయం మీదే నడిచింది.

కొండ మీది బసల్ని 'యామగోయా' అంటారు. వసంతంలో రిజర్వేషన్లు మొదలవగానే సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉన్న ఒక బసలో మూడు చోట్లు పట్టాను. రాత్రి భోజనం, పొద్దుటి పొట్లంతో కలిపి మనిషికి సుమారు 14 వేల యెన్‌లు పడింది. ఆ డబ్బుకు హోటల్ గదిని ఊహించుకుంటే నిరాశే. రెండంతస్తుల చెక్క బల్లలు, పక్కపక్కనే స్లీపింగ్ బ్యాగులు, మధ్య చిన్న తెర. స్నానం లేదు, ముఖం కడుక్కోవడానికి కొళాయి కూడా లేదు. మేమున్న చోట పైకి తెచ్చే ప్రతి బస్తా ట్రాక్టర్ మీదే రావాలి, తాగే నీళ్లు చిన్న సీసా 500 యెన్‌లు. అది చూశాక ధర గురించి నాకు ఫిర్యాదు లేకుండా పోయింది. టాయిలెట్‌కు ప్రతిసారీ 200 నుంచి 300 యెన్‌లు పెట్టెలో వెయ్యాలి, అందుకని వంద యెన్‌ల నాణేలు ఒక సంచిలో పెట్టుకోండి. ఎక్కడా చెత్తబుట్ట ఉండదు, మన చెత్త మనమే మోసుకుని దిగాలి.

శాకాహారులకు భోజనమే పెద్ద సమస్య. మా బసలో రాత్రికి అన్నం, కూర అని రాసి ఉంది. జపాన్‌లో కూర చేసే మసాలా ముద్దల్లో మాంసం కనిపించకపోయినా పశువుల కొవ్వు తరచుగా ఉంటుంది. ముందే అడిగితే మార్చలేమని మర్యాదగా చెప్పారు. నాన్న కోసం చపాతీలు, ఆవకాయ, ఒక డబ్బా పులిహోర, పల్లీ చిక్కీలు, వేణ్నీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా తీసుకెళ్లాను. ఊరబెట్టిన పులుపు కాయ పెట్టిన 'ఉమె' అన్నం ముద్దలు కింద దుకాణంలో కొన్నాం. చలిలో, ఆకలి చచ్చిపోయే ఆ ఎత్తులో ఆయన ఇష్టంగా తిన్నది పులిహోర ఒక్కటే.

బూట్లు, రెయిన్ జాకెట్, తల లైటు ముగ్గురికీ అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. అద్దె దుకాణం వాళ్లు నాన్నకు ఒక సైజు తక్కువ బూట్లు ఇచ్చారు, కంగారులో మేం అక్కడే వేసి చూడలేదు. దిగేటప్పుడు ఆయన బొటనవేళ్లు నల్లబడ్డాయి. మందపాటి సాక్సులతో వేసుకుని, ఏటవాలు మీద నాలుగడుగులు దిగి చూశాకే బూట్లు తీసుకోండి.

టోక్యోలో షింజుకు నుంచి, ఎక్కడం మొదలయ్యే అయిదో స్టేషన్‌కు నేరుగా బస్సుంది, దాదాపు రెండున్నర గంటలు. సీజన్లో సొంత కార్లను పైదాకా వెళ్లనివ్వరు కాబట్టి బస్సే మేలు. దిగగానే ఎక్కడం మొదలుపెట్టకుండా గంటసేపు అక్కడే కూర్చున్నాం, ఒంటికి ఆ గాలి అలవాటు కావడానికి. నాన్న 'కొంగోజుయె' అనే కర్ర కొనుక్కున్నారు. దారిలో ఒక్కో బసలో కొన్ని వందల యెన్‌లిస్తే కాల్చిన ఇనుముతో దాని మీద ముద్ర వేస్తారు. పిల్లల సరదా అనుకున్నాను గానీ, తర్వాతి ముద్ర కోసం నాన్న ఎన్ని మలుపులు ఎక్కారో చూశాక దాని విలువ తెలిసింది.

ఏదో వడ్ల బస్తా మోస్తున్నంత నిదానంగా నడిచాం. ఏడో స్టేషన్ దాటాక దారి లావా రాళ్ల మీదుగా, గొలుసులు పట్టుకుని చేతులూ కాళ్లూ వాడి ఎక్కేదిగా మారుతుంది. అక్కడ కూర్చున్నప్పుడు నాన్నకు ఒక మాట చెప్పాను. ఎడో కాలంలో (1603–1868) తెల్లబట్టలు కట్టుకుని గుంపులుగా ఈ కొండెక్కిన భక్తులు 'రొక్కొన్ షోజో' అని పాడుకుంటూ నడిచేవారు. రొక్కొన్ అంటే ఆరు మూలాలు: కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు. ఆ ఆరూ శుద్ధి కావాలని దాని అర్థం. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లిన భావమే. "అంటే షడింద్రియాలే కదమ్మా!" అని నాన్న ముఖం వెలిగిపోయింది. అక్కడి నుంచి బస దాకా ఆయన రొక్కొన్ షోజోకి గోవిందా గోవిందా కలిపి అంటూనే ఉన్నారు. 1872 దాకా ఈ కొండ మీదికి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదని కూడా చెప్పాను. ఆ మాట విని ఆయన ఏమీ అనలేదు, నా బ్యాగు తీసుకుని కాసేపు మోశారు.

సాయంత్రం నాలుగున్నరకు బస చేరేసరికి నాన్నకు తలనొప్పి మొదలైంది. పడుకోగానే ఎక్కువైంది. లేచి కూర్చుని, నిదానంగా లోతుగా ఊపిరి పీలుస్తూ, గుక్కగుక్కగా నీళ్లు తాగుతూ ఉంటే రెండు గంటల్లో తగ్గింది. తగ్గకపోతే కిందికి దిగెయ్యడమేనని ముగ్గురం ముందే ఒప్పందం చేసుకున్నాం. అయిదో స్టేషన్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా కూడా కొన్నాం, దానివల్ల పెద్దగా తేడా కనిపించలేదు.

అర్ధరాత్రి ఒంటిగంటకే బస కదిలింది. పై నుంచి 'గొరైకో' చూడాలని దాదాపు అందరూ లైట్లు పెట్టుకుని బయల్దేరారు. సూర్యోదయాన్ని అక్కడ అలా అంటారు. చీకట్లో కొండ మీద ఒక వెలుగు గీత మెల్లగా పాకుతోంది. ఆ గీతలో నిలబడితే ఒక్కో అడుగుకూ ఆగాలి, చెమట పట్టిన ఒళ్లు ఆ చలికి బిగుసుకుపోతుంది. మేం కదలలేదు, మళ్లీ పడుకున్నాం. నాలుగున్నరకు లేచి గుమ్మం ముందు బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. కింద మబ్బుల సముద్రం, దాని అంచున ఎర్రటి సన్నగీత, తర్వాత సూర్యుడు. నాన్న లేచి చేతులు జోడించి ఆదిత్య హృదయం చదివారు. బస నడిపే పెద్దాయన పక్కనే నిలబడి, అయ్యేదాకా కదలకుండా విన్నారు.

అయిదున్నరకు బయల్దేరాం. దారి దాదాపు ఖాళీ. మామూలుగా రెండు, రెండున్నర గంటలు పట్టే దారి మాకు మూడు గంటలు పట్టింది. చివరి తోరీ అనే గుడి ద్వారం, రెండు రాతి సింహాలు దాటి ఎనిమిదిన్నరకు పైన అడుగుపెట్టాం. సూర్యోదయం చూసినవాళ్లు అప్పటికే దిగిపోతున్నారు. మీతో పెద్దవాళ్లు గానీ తొలిసారి ఎక్కేవాళ్లు గానీ ఉంటే ఇలాగే చెయ్యండి: సూర్యోదయం బస దగ్గర, శిఖరం వెలుగులో.

పైన అగ్నిపర్వత బిలం చుట్టూ తిరగడానికి గంటన్నర అంటారు, మాకు రెండున్నర పట్టింది. అంచున నిలబడి ఆ గొయ్యిలోకి చూస్తే ఇది నిద్రపోతున్న కొండేనని మళ్లీ గుర్తొస్తుంది. చివరిసారి 1707లో పేలి 16 రోజులు బూడిద కక్కింది, అది ఇప్పటి టోక్యో దాకా వెళ్లి పడింది. 2014లో జపాన్‌లోనే ఒంటాకే అగ్నిపర్వతం ఉన్నట్టుండి పేలినప్పుడు 63 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. ఫూజీలో కూడా హెల్మెట్ తెచ్చుకోమని చెప్పేది అందుకే. బరువని వదిలెయ్యకండి. బిలం అంచున అన్నిట్లోకి ఎత్తైన కెంగామినె శిఖరం దగ్గర ఫోటో తీసుకున్నాం. ఫూజినోమియా దారి వచ్చి చేరే వైపు, ఎండాకాలంలో కొన్ని వారాలు మాత్రమే తెరిచే పోస్టాఫీసుంది. అక్కడి నుంచి నాన్న అమ్మకు ఒక కార్డు రాశారు.

దిగడం తేలికని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు గంటలు వదులు కంకర మీద ఒకేలాంటి మలుపులు, నోట్లో దుమ్ము. మాస్కు, చీలమండలు కప్పే గెయిటర్లు తప్పనిసరి. ఎనిమిదో స్టేషన్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. పసుపు బోర్డు యోషిదాకు, ఎరుపు బోర్డు సుబాషిరికి. పొరపాటున ఎరుపు వెంట వెళితే కొండకు అవతలి వైపు తేలతారు, అక్కడి నుంచి వెనక్కి రావడానికి టాక్సీ ఖర్చు చాలా అవుతుంది.

ఆ రాత్రి టోక్యో వెళ్లకుండా కవాగుచికో సరస్సు దగ్గర ఒక పాతకాలపు సత్రంలో దిగాం. కొండ మీది బస కంటే కాస్త ఎక్కువే అయింది, అయినా నాకు సంతోషంగా అనిపించిన ఖర్చు ఇదే. ఒన్సెన్ అనే వేడినీటి బుగ్గల స్నానశాలలో అందరితో కలిసి బట్టల్లేకుండా స్నానమంటే నాన్న ససేమిరా అన్నారు. ఇంటివాళ్లకే విడిగా గంట చొప్పున ఇచ్చే తొట్టి గది 'కషికిరి' అని అడిగితే ఇచ్చారు. ఆ వేడినీళ్లలో ఆయన కాళ్లు పెట్టుకుని అరగంట కళ్లు మూసుకుని కూర్చున్నారు. మర్నాడు ఎర్రటి చురెయితో పగోడాకు వెళ్దామంటే, 398 మెట్లున్నాయని విని తమ్ముడే వద్దన్నాడు, నాన్న మాత్రం ఎక్కొచ్చారు.