పీకేజిప్ ఏవీ ముద్ర, "విప్పి మళ్ళీ కట్టొద్దు" నిబంధన: ఏళ్ళ తరబడి వాడాక

ఫైళ్ళని కుదించి ఒకే జిప్ ప్యాకెట్‌గా కట్టే డాస్ ప్రోగ్రాం పీకేజిప్ 2.04జీ ఎంత బాగా కుదిస్తుందో, ఎంత వేగంగా విప్పుతుందో 1993 నుంచి అందరూ చెబుతూనే ఉన్నారు. నేను చెప్పబోయేది విప్పేటప్పుడు ఫైలు పేరు పక్కన కనిపించే చిన్న గుర్తు గురించి. మైనస్ ఏవీ (-AV), అంటే "అథెంటిసిటీ వెరిఫికేషన్": ప్యాకెట్ రచయిత కట్టినట్టే ఉందని చెప్పే ముద్ర.

ఫోన్ లైను మీద మోడెమ్‌తో కలిసి ఫైళ్ళు దించుకునే బులెటిన్ బోర్డుల్లో షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టే ప్రోగ్రాములు) పంచుకోవడానికి చాలానే నిబంధనలు ఉండేవి. డబ్బు కట్టి తెచ్చుకున్న కాపీని అప్‌లోడ్ చేయొద్దు, ఫ్లాపీ ఖర్చుకి మించి వసూలు చేయొద్దు, గడువు దాటాక కూడా వాడితే రిజిస్టర్ చేసుకోండి. ఇవన్నీ మనస్సాక్షికి వదిలేసినవి. నాకు నిజంగా అక్కరకొచ్చింది ఒక్కటే: ప్యాకెట్ వచ్చింది వచ్చినట్టే పంచాలి, అందులోంచి ఏదీ తీయకూడదు, ఏదీ కలపకూడదు. దాని విలువ నాకు ఒక లేబుళ్ళ ప్రోగ్రాం వల్ల తెలిసొచ్చింది.

అప్పట్లో మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఉగాది ఆహ్వానాలు పోస్టులో పంపే పని నా నెత్తిన పడింది. కవర్ల మీద అడ్రసు లేబుళ్ళు వేసే ప్రోగ్రాం కోసం వెతికితే దగ్గర్లోని ఒక బోర్డులో దొరికింది. 2400 బాడ్ మోడెమ్ మీద అరగంట పైనే పట్టింది. మధ్యలో మా ఆవిడ ఇండియా ఫోన్ కోసం రిసీవర్ ఎత్తుతుందేమోనని ఒకటే టెన్షన్. ప్రోగ్రాం మాత్రం బంగారం, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద ఒక్క లేబుల్ కూడా పక్కకి జరగలేదు. కాకపోతే ప్రతి లేబుల్ అడుగున "అన్‌రిజిస్టర్డ్ కాపీ" అని ఒక లైను వేసేది. ఆహ్వానం కవరు మీద ఆ మాట బాగుండదు కదా, డబ్బు కట్టేద్దామని ఆర్డర్ ఫారం కోసం చూశాను. లేదు. రచయిత అడ్రసూ లేదు. ఆ స్థానంలో ఉన్నది ఆ బోర్డు వాళ్ళ ప్రకటన: రంగురంగుల గీతల డబ్బా, అందులో ఫోన్ నంబరు, "ఈ ఫైలు మా దగ్గర్నుంచే" అని గొప్ప.

సిసాప్‌కి, అంటే ఆ బోర్డు నడిపేవాడికి, మెసేజ్ పెడితే, డిస్కులో చోటు లేక అనవసరమైన డాక్యుమెంట్లు తీసేస్తున్నామని జవాబు. డాక్యుమెంట్లకి లేని చోటు ప్రకటనకి ఎక్కడ దొరికిందో మరి! వచ్చిన ప్రతి జిప్‌నీ విప్పి, తన ప్రకటన దూర్చి, మళ్ళీ కట్టే ఏర్పాటు ఆటోమేటిక్‌గా పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మాకు ఆహ్వానాలు ఆ లైనుతోనే వెళ్ళాయి. ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఏమయ్యా, మన సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదా?" అని అడిగారు.

తర్వాత అదే ప్రోగ్రాం ఇంకో బోర్డులో కనబడితే మళ్ళీ దించాను. జిప్‌ని విప్పే పీకేఅన్‌జిప్ కొట్టగానే నల్లటి తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి, ప్రతి దాని పక్కనా మైనస్ ఏవీ. చివర్న "అథెంటిక్ ఫైల్స్ వెరిఫైడ్!", దాని పక్కన కోడ్, రచయిత కంపెనీ పేరు. ఆర్డర్ ఫారం ఉంది, పంపిణీ షరతుల ఫైలూ ఉంది. చెక్కు పంపితే పోస్టులో ఫ్లాపీ వచ్చింది. ఈ ముద్ర వేయాలంటే రచయిత ముందుగా పీకేజిప్ తయారుచేసే పీకేవేర్ కంపెనీకి దరఖాస్తు పెట్టి తన పేరుతో కోడ్ తెచ్చుకోవాల్సి ఉండేది. మధ్యలో ఎవరైనా విప్పి మళ్ళీ కడితే ముద్ర పోయేది. అప్పట్నుంచి గుర్తు లేని జిప్ కనిపిస్తే ముందు షరతుల ఫైలు ఉందో లేదో చూసుకోవడం అలవాటైపోయింది.

అంతమాత్రాన ఏవీ ఉంటే ఇక భయం లేదని అనుకోవద్దు, మొదట్లో నేను అలాగే అందరికీ చెప్పేవాణ్ణి. దొంగ ముద్రలు వేసే పనిముట్లు కూడా బోర్డుల్లోనే తిరిగాయి. 1995లో పీకేజిప్ 3.00 అనే పేరుతో డిస్కు తుడిచేసే నకిలీ ఒకటి ఉందని పీకేవేర్ వాళ్ళే హెచ్చరించాల్సి వచ్చింది. పైగా చిన్న రచయితలు చాలామంది ఈ ముద్ర జోలికే పోలేదు. వాళ్ళకి జిప్‌లో పెట్టే ఫైల్ ఐడీ డాట్ డిజ్ (FILE_ID.DIZ) అనే చిన్న ఫైలు చాలు: 45 అక్షరాల లైన్లు పది, అందులో ప్రోగ్రాం వివరం. బోర్డు దాన్నే చదివి లిస్టులో పెట్టుకునేది. సౌకర్యమే, కానీ అందులోనూ తమ బోర్డు పేరు చివర్న అతికించేవాళ్ళు ఉండేవాళ్ళు.

హైదరాబాద్‌లో మా బావమరిదికి ఇదంతా వేరే లెక్క. నేను సూట్‌కేసులో తెచ్చిచ్చిన ఫ్లాపీలే అతని బులెటిన్ బోర్డు. కాపీ చేసి పదిమందికి ఇవ్వడానికి రచయితే అనుమతి ఇచ్చాడని చెబితే మొదట నమ్మలేదు. షరతులు చదివాక "బావా, డబ్బు కట్టాలనే ఉంది, డాలర్లు ఎక్కణ్ణుంచి తేను?" అన్నాడు. విదేశీ మారకం మీద ఫెరా చట్టం ఆంక్షలున్న రోజులవి. పీకేజిప్‌కి 47 డాలర్లు నేనే ఇక్కణ్ణుంచి కట్టాను. అతని స్నేహితుల్లో ఎందరు కట్టగలిగి ఉంటారో ఊహించుకోవచ్చు.

కాబట్టి ఈ ముద్రకి నేను వేసే మంచి మార్కులు నా పరిస్థితికే. అమెరికాలో చెక్కుబుక్కు ఉండి, మా ఏరియాలో లోకల్ కాల్‌కి నిమిషాల లెక్క లేక, ఒక బోర్డులో బాగాలేకపోతే ఇంకో బోర్డుకి వెళ్ళగలిగినవాడికి ఈ నిబంధన, ఈ ముద్ర రెండూ బాగా పనిచేశాయి. ఫ్లాపీ చేతికి వచ్చేసరికే నాలుగు చేతులు మారినవాడికి ముద్ర పోయిందని తెలిసినా అసలు కాపీ దొరికే దారి ఉండేది కాదు. అలాంటివాళ్ళు నాకంటే రెండు మార్కులు తక్కువ వేసినా నేను కాదనను.