ఉపగ్రహ చిత్రాల సర్వర్: ఉన్నచోటే నవీకరణా, కొత్త డిస్కుపై విడిగానా? ఏది మేలు?

సెంటోస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా సవరణలు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఇస్రో ఉపగ్రహ సమాచార వెబ్‌సైటు మోస్‌డాక్ నుంచి తెచ్చుకున్న ఇన్శాట్ వాతావరణ ఉపగ్రహాల ఫైళ్ళను చిత్రాలుగా మార్చే మా చెన్నై ప్రయోగశాల సర్వర్‌లో ఉన్నది అదే కాబట్టి, మార్చాలా వద్దా అన్న చర్చ ముగిసి, ఎలా మార్చాలన్నదే మిగిలింది.

ఎలివేట్ అనే ఉపకరణంతో ఉన్నచోటే, సెంటోస్‌కు ప్రత్యామ్నాయమైన అల్మాలైనక్స్ 8కి, అక్కడి నుంచి 9కి ఎక్కవచ్చు. యూజర్ ఖాతాలు, క్రాన్ పనులు (నిర్ణీత వేళకు వాటంతటవే నడిచేవి), డైరెక్టరీలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయన్నది దీని ఆకర్షణ. అయితే ఏళ్ళ తరబడి చేత్తో కంపైల్ చేసి పెట్టుకున్న, ఇన్శాట్ ఫైళ్ళను చదవడానికి వాడే హెచ్‌డీఎఫ్5 లైబ్రరీల వంటివాటి బాధ్యత ఆ ఉపకరణానిది కాదు. అవి మధ్యలో మొరాయిస్తే పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కొత్త డిస్కుపై అల్మాలైనక్స్ 9ని విడిగా ఎక్కించుకుంటే ఒక డిస్కు ఖర్చు, కొన్ని వారాల రెట్టింపు చాకిరీ తప్పవు గానీ, అర్ధగంటకొకటి చొప్పున వచ్చే చిత్రాలు ఆగవు. అల్మాలైనక్స్ 9కి 2032 మే వరకు మద్దతు ఉంటుంది. మరో లైనక్స్ అయిన ఉబుంటు 24.04 కూడా మంచిదే, కానీ దాని సాధారణ మద్దతు 2029 దాకానే. నా ఓటు కొత్త డిస్కుకే.

అసలు చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్‌లో లేదు, పైథాన్ 2లో రాసిన పాత స్క్రిప్టుల్లో ఉంది. ఇన్శాట్-3డీఆర్ ఇమేజర్ (చిత్రాలు తీసే పరికరం) ఫైల్లో ఒక్కో పిక్సెల్ 0 నుంచి 1023 వరకు ఉండే అంకె. దాన్ని అదే ఫైల్లోని 1024 గడుల పట్టికతో ఉష్ణోగ్రతగా మార్చుకోవాలి. సగటు కోసం 401, 402 అనే రెండు పూర్ణాంకాలను కలిపి రెండుతో భాగిస్తే పైథాన్ 2 నిశ్శబ్దంగా 401 ఇస్తుంది, పైథాన్ 3 మాత్రం 401.5 ఇస్తుంది. ఏ హెచ్చరికా రాదు, మేఘశిఖరం ఉష్ణోగ్రత మాత్రం మారిపోతుంది. పాత స్క్రిప్టులను వరుస వరుసా తిరగరాయడం కన్నా, ఇన్శాట్ ఫైళ్ళతో పాటు జపాన్ ఉపగ్రహం హిమవారి ఫైళ్ళనూ చదవగలిగే శాట్‌పై అనే పైథాన్ లైబ్రరీకి మారడమే దీర్ఘకాలంలో లాభం. ఒక్క ఇబ్బందేమిటంటే, వాతావరణ సూచన రాసేవారి కంటికి అలవాటైన రంగులు అందులో తమంతట తాము రావు, ఆ రంగుల పట్టికను మనమే రాసుకోవాలి (దీనిమీద వచ్చే ఫిర్యాదులే అన్నిటికన్నా ఎక్కువ!).

రెండు మార్పులూ ఒకేసారి చేయకూడదు. మొదట పాత స్క్రిప్టులను సెంటోస్ 7 కంటైనర్‌లో (కొత్త సిస్టమ్‌లోనే పాత సిస్టమ్‌ను విడిగా నడిపే ఏర్పాటులో) పెట్టి కొత్త సిస్టమ్‌పై నడిపించి, అది కుదురుకున్నాకే శాట్‌పై వైపు వెళ్ళాలి. పరీక్షకు 2023 డిసెంబర్ 4 నాటి ఫైళ్ళు చక్కగా సరిపోతాయి: చెన్నైని ముంచి, మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను మేఘాలు వాటిలో ఉన్నాయి. పోల్చవలసింది బొమ్మలను కాదు, పిక్సెల్ వారీగా ఉష్ణోగ్రతలను. ఈ పనంతా జనవరి, మార్చి మధ్య ముగించుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలో సర్వర్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.