పోకిరి మేలా, తమిళ పోక్కిరి మేలా?

మద్రాసులో ఉండే తెలుగువాళ్లకి తప్పని తగాదా ఇది. వేళచ్చేరిలో మా రూములో ముగ్గురం, తెలుగు నేనొక్కణ్ణే, మిగతా ఇద్దరూ విజయ్ అంటే ప్రాణం పెట్టే బాపతు. వాళ్ల లెక్కలో పోక్కిరి విజయ్ సినిమా, అంతే, దానికి ముందే మహేశ్ సినిమా ఉందంటే "అప్పిడియా మచ్చా" అని మళ్లీ ఫోన్లో తల దూర్చేస్తారు. మనది 2006 ఏప్రిల్ 28న వచ్చింది, వాళ్లది 2007 పొంగల్‌కి, నిండా తొమ్మిది నెలలు కూడా తేడా లేదు.

2024లో విజయ్ పుట్టినరోజుకి పోక్కిరిని మళ్లీ రిలీజ్ చేస్తే వాళ్లతో పాటు నేనూ వెళ్లా. కమిట్మెంట్ డైలాగు వచ్చేసరికి హాలు మొత్తం విజయ్ కంటే ముందే తమిళంలో చెప్పేస్తోంది, కాగితం ముక్కలు నా కూల్‌డ్రింక్‌లో పడుతున్నాయి, నా చెవిలో మాత్రం మహేశ్ గొంతే!

కథ ఒకటే, మణిశర్మ సంగీతం ఒకటే, డోలే డోలే పాట కూడా అటు వెళ్లింది. విలన్ ప్రకాశ్‌రాజే (2009లో హిందీ వాంటెడ్‌కీ ఆయనే, ఒకే పాత్రని మూడు భాషల్లో చేసి డబ్బు తీసుకున్న మనిషి). ఇక తేడా ఎక్కడంటే హీరో దగ్గర.

తెలుగులో మహేశ్ చేసిన పండుగాడి మనసులో ఏముందో చివరిదాకా అంతుపట్టదు. డబ్బిస్తే ఎవణ్ణయినా లేపేస్తాడు, పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడతాడు, ఇష్టపడ్డ పిల్ల ముందే మనుషుల్ని చంపేసి కూడా ఆ మొహంలో ఏమీ కదలదు. వీడు నిజంగానే వెధవేమో అని మనకీ డౌటు వస్తుంది, పూరి జగన్నాథ్‌కి కావాల్సింది ఆ డౌటే. అందుకే తండ్రిగా చేసిన నాజర్ చనిపోయాక వీడే కృష్ణ మనోహర్ ఐపీఎస్ అని తేలినప్పుడు అంత దెబ్బ తగులుతుంది.

ప్రభుదేవా తమిళంలో డైరెక్ట్ చేసిన మొదటి సినిమా పోక్కిరి. ఆయన చేతిలో విజయ్ ఉంటే డాన్సు లేకుండా ఎలా, వస్తూనే ఆడుంగడా పాట, చుట్టూ జనం, హీరో నవ్వు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను, మహేశ్ వల్ల అయ్యే పని కాదు. కానీ ఇంతలా నవ్వుతూ ఆడేవాణ్ణి చెడ్డవాడని ఎవడు నమ్ముతాడు? మా రూమ్మేట్‌ని అడిగా, చిన్నప్పుడు మొదటిసారి చూసినప్పుడు పోలీసని ఊహించావా అని. "పోలీసని తెలీదు, కానీ అన్న మంచోడేగా, అదెప్పుడో తెలుసు" అన్నాడు. నేను చెప్పేదీ అదే.

అసిన్ ఇలియానా కంటే బాగా చేసింది. పోలీస్ కమిషనర్లుగా చేసిన సాయాజీ షిండే (తెలుగు), నెపోలియన్ (తమిళం)లలో నాకు షిండేనే ఇష్టం, ఆ వంకర తెలుగు కోసం.

కామెడీలో మాత్రం మనం ఓడిపోయాం. బిచ్చగాళ్ల చేతిలో బ్రహ్మానందం నలిగిపోయే ట్రాక్ అప్పట్లో నవ్వించింది కానీ ఇప్పుడు చూస్తే సాగదీసినట్టుంది. తమిళంలో వడివేలు చేసిన బాడీ సోడా పాత్ర అలా కాదు, వాడికి వచ్చింది ఏమీ లేకపోయినా ఫైటింగ్ మాస్టర్‌లా ఛాతీ విరుచుకుని తిరగడం, దెబ్బ తిన్నాక కూడా ఆ బిల్డప్ దించకపోవడం, నాకు సగం తమిళమే అర్థమైనా కడుపు చెక్కలయింది.

కాబట్టి రెండూ చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ముందు తెలుగు చూడండి, ఆ ట్విస్టు తెలిశాక మళ్లీ దొరకదు. ఫ్రెండ్స్‌తో గోల చేస్తూ చూడాలంటే తమిళమే కరెక్ట్.

పోయిన ఆదివారం రూమ్మేట్‌ని కూర్చోబెట్టి పోకిరి చూపించా. ఇంటర్వెల్ దాకా "హీరో ఎందుకిలా మూడీగా ఉన్నాడు" అని ఒకటే గొణుగుడు. విజయే గొప్ప అని ఇప్పటికీ అంటాడు, కానీ ఆ ఐపీఎస్ సీను మాత్రం రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.